బొమ్మ కళ్లకు గుండీలు వద్దు
పిల్లల గదికి చేతిపని కానుకలు, అలంకరణ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పని సగంలో ఆగిపోయినవీ, కానుక ఇచ్చాక తేడా చేసినవీ. పిల్లల వయసు రాయని చోట మూడేళ్లలోపు అనుకునే జవాబు ఇచ్చాం. చేతిపని కానుకకు సగం నిర్ణయాలు వయసును బట్టే జరుగుతాయి కాబట్టి, ఇక ముందు ఉత్తరం రాసేవాళ్లు అది తప్పకుండా రాయండి.

ప్రశ్న: మా అక్కకు త్వరలో కాన్పు. పాప తొట్టి మీద వేలాడదీయడానికి ఫెల్ట్ గుడ్డతో (నేయకుండా పోగులు ఒత్తి చేసే గుడ్డ) మొబైల్, అంటే పుల్లలకు బొమ్మలు వేలాడుతూ తిరిగే అలంకరణ, చేస్తున్నాను. మూడు పుల్లలు, నాలుగు బొమ్మలు. ఎలా కట్టినా ఒక పక్కకు ఒరిగిపోతోంది. దారాలు కూడా చిక్కుపడుతున్నాయి. – కాబోయే పిన్ని

మీరు పైపుల్లతో మొదలుపెట్టి ఉంటారు. మొబైల్‌ను కింది నుంచి పైకి కట్టుకుంటూ రావాలి. పైది ముందు కడితే, కింద ఏది తగిలించినా పైన సరిచూసుకున్న తూకం మళ్లీ చెడుతుంది.

15, 20, 30 సెంటీమీటర్ల పుల్లలు మూడు తీసుకోండి. 5 మిల్లీమీటర్ల మందం చాలు. నాలుగు బొమ్మలూ ఒకే బరువుండాలి, వంటింటి డిజిటల్ త్రాసు మీద చూసుకోండి. 15 సెంటీమీటర్ల పుల్లకు రెండు కొసల్లో రెండు బొమ్మలు కట్టి, సరిగ్గా మధ్యలో దారం వేయండి. ఆ దారాన్ని 20 సెంటీమీటర్ల పుల్లకు ఒక కొసన కట్టి, రెండో కొసన మూడో బొమ్మ కట్టండి. ఇప్పుడు ఒక పక్క రెండు బొమ్మల బరువు, ఇంకో పక్క ఒకటే. కాబట్టి తూకం కుదిరే చోటు మధ్యలో ఉండదు, బరువు కొస నుంచి సుమారు ఆరున్నర సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. దీన్నంతా 30 సెంటీమీటర్ల పుల్ల కొసకు తగిలించి, అవతలి కొసన నాలుగో బొమ్మ కట్టండి. అక్కడ తూకం బరువు కొస నుంచి ఏడున్నర సెంటీమీటర్ల దగ్గర కుదురుతుంది. పుల్ల బరువును బట్టి అర సెంటీమీటరు అటూ ఇటూ కావచ్చు. అందుకే ముడిని ముందు వదులుగా వేసి, జరుపుతూ చూసి, కదలకుండా నిలబడ్డాకే బిగించి, ముడి మీద తెల్ల జిగురు ఒక చుక్క పెట్టండి. పుల్ల కొసల్లో చాకుతో సన్నని గాడి తీస్తే దారం జారదు.

నైలాన్ దారం కనపడదని చాలామంది వాడతారు. కానీ అది జారుడుగా ఉండి ముడి నిలవదు. ఎంబ్రాయిడరీ కాటన్ దారం మూడు పోగులు మేలు. ఏ దారమూ 20 సెంటీమీటర్లు దాటకూడదు. పొడవు దారాలే చిక్కుపడతాయి, పైగా పాప చేతికి అందితే ప్రమాదం కూడా. ఆరు సెంటీమీటర్ల వెడల్పు లోపు బొమ్మలైతే, పైన చెప్పిన కొలతలకు ఎటు తిరిగినా ఒకదానికొకటి తగలవు.

మీరు అడగనిది ఇంకొకటి. మొబైల్‌ను చూసేది పక్కన నిలబడ్డ మనం కాదు, కింద పడుకున్న పాప. పలచటి ఫెల్ట్ బొమ్మను నిలువుగా వేలాడదీస్తే పాపకు కనిపించేది దాని అంచు, అంటే ఒక గీత. ఏనుగూ పిట్టా రెండూ గీతలే! అందుకే దూది నింపిన ఉబ్బెత్తు బొమ్మలు చేయండి, లేదా పలచటి బొమ్మను మూడు దారాలతో నేలకు సమాంతరంగా, ముఖం కిందికి ఉండేలా కట్టండి. మొదటి నెలల్లో లేత రంగులు పాప కళ్లకు ఆనవు. నలుపు తెలుపు, ఎరుపు తెలుపు లాంటి ముదురు జతలు ఎంచుకోండి.

మొబైల్ పాప చేతికి అందనంత ఎత్తులో ఉండాలి. పరుపు నుంచి కనీసం 40 సెంటీమీటర్లు. ముఖానికి సూటిగా పైన కాకుండా కాస్త కాళ్ల వైపు కట్టండి. అతికించే హుక్కులు వద్దు, స్క్రూతో బిగించే హుక్కే వాడాలి. పాప చేతుల మీద లేవడం మొదలుపెట్టగానే, లేదా అయిదో నెల రాగానే, ఏది ముందైతే అప్పుడు మొబైల్ తీసేయమని మీ అక్కకు కానుకతో పాటే చెప్పండి.

ప్రశ్న: 30 సెంటీమీటర్ల గుడ్డ బొమ్మ కుట్టాను. ఒళ్లంతా గడ్డలు గడ్డలుగా వచ్చింది, మెడ వాలిపోతోంది, చంక దగ్గర కుట్టు విడిపోయింది. కళ్లకు నల్ల గుండీలు పెడదామనుకుంటున్నాను. మనవరాలికి ఏడాదిన్నర. – ఓ అమ్మమ్మ

గుండీలు వద్దు. ఎంత గట్టిగా కుట్టినా, దారం నానీ నానీ కొరుకుడికి తెగుతుంది. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో ఊడే అవకాశమున్న ఏ భాగమైనా సుమారు 3.2 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న గొట్టంలో పూర్తిగా పడితే అది గొంతుకు అడ్డం పడేంత చిన్నదని లెక్క. బొమ్మల పరీక్షకు వాడే గొట్టం కొలత అదే. గుండీలు, పూసలు, గజ్జెలు అన్నీ అందులో పడతాయి. కళ్లు దారంతోనే కుట్టండి. అదీ బొమ్మను నింపాకే. ఖాళీ గుడ్డ మీద గీసిన ముఖం నింపగానే సాగి, కళ్లు చెవుల వైపు పోతాయి. ముఖం ఎత్తును సగం చేసే గీత మీద, లేదా దానికి కాస్త కింద, రెండు గుండుసూదులు గుచ్చి దూరం నుంచి చూడండి. కళ్లు కిందికి, ఎడంగా ఉంటే పసితనం వస్తుంది, పైకి పెడితే బొమ్మ పెద్దమనిషిలా కనిపిస్తుంది. కుదిరాక సూదిని జుట్టు వచ్చే చోటు నుంచి లోపలికి దింపి కంటి దగ్గర పైకి తీయండి. ముడులన్నీ జుట్టు కింద దాగిపోతాయి. పని అయ్యాక గుచ్చిన సూదులు లెక్కపెట్టి డబ్బాలో వేయడం మరవద్దు.

గడ్డలు రావడానికి కారణం దూదిని పెద్ద ముద్దలుగా కుక్కడం. ముద్దకూ ముద్దకూ మధ్య సందు మిగిలిపోతుంది. బొమ్మల్లో నింపే కృత్రిమ దూదిని, అంటే పాలిస్టర్ ఫైబర్‌ను, వేళ్లతో విడదీసి, నిమ్మకాయంత కంటే ఎక్కువ తీసుకోకుండా, ముందు కొసలకు, అంటే చేతివేళ్లకు, పాదాలకు పంపండి. మొద్దు కొస ఉన్న పుల్లతో తోయండి, కత్తెర మొనతో తోస్తే కుట్టే చిరుగుతుంది. ఈ సైజుకు సుమారు 100 గ్రాములు పడుతుంది. మామూలు దూది వద్దు. ఉతికితే ముద్ద కట్టి, లోపల తడి ఆరక బూజు వాసన వస్తుంది.

మెడకు మందు దూది కాదు, కొలత. తల వెడల్పులో కనీసం మూడో వంతు మెడ ఉండాలి. అంతకన్నా సన్నగా కత్తిరిస్తే ఎంత నింపినా వాలుతుంది. ఇప్పటికే కుట్టేశారు కనుక, బిగుతుగా చుట్టిన ఫెల్ట్ గుడ్డ చుట్టను సగం తలలోకి, సగం ఒంట్లోకి వచ్చేలా దింపి చుట్టూ ఫైబర్ కుక్కండి. లోపల పుల్లలు, తీగలు మాత్రం పెట్టకండి.

చంక దగ్గర విడిపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, కుట్టు పొడవు. బట్టలకు వేసే రెండున్నర, మూడు మిల్లీమీటర్ల కుట్టు బొమ్మలకు చాలదు, రెండు మిల్లీమీటర్లు లేదా అంతకన్నా చిన్నది వేయాలి. రెండు, వంపుల దగ్గర వేసే కత్తెర గాట్లు. గాటు వేయకపోతే తిప్పినప్పుడు గుడ్డ ముడతలు పడుతుంది, కుట్టు దాకా వేస్తే విడిపోతుంది. కుట్టుకు రెండు మిల్లీమీటర్ల ముందే ఆపి, అక్కడ ఇంకో వరస కుట్టు వేయండి. జుట్టుకు పొడవైన ఊలు పోగులు కూడా ఈ వయసుకు మంచిది కాదు. వేళ్లకు చుట్టుకుంటుంది. ఫెల్ట్ గుడ్డతో జుట్టు చేయండి.

ప్రశ్న: పాప ముద్దుపేరు ‘చిన్ని’ని దూది నింపిన తెలుగు అక్షరాలతో గోడకు వేలాడదీయాలని ఉంది. ఇంగ్లిష్ అక్షరాలకు నమూనాలు దొరుకుతున్నాయి కానీ తెలుగుకు లేవు. – ఓ మేనత్త

నమూనా కష్టం కాదు. కంప్యూటర్‌లో గుండ్రటి, బాగా లావైన తెలుగు ఫాంటు ఎంచుకుని 18 సెంటీమీటర్ల ఎత్తున ప్రింట్ తీయండి. గీత మందం ఎక్కడా మూడున్నర సెంటీమీటర్లకు తగ్గకుండా పెన్సిల్‌తో లావు చేసుకోండి. సన్నని చోట దూది దూరదు. మామూలు కాటన్ గుడ్డను కుట్టి తిరగేసే పద్ధతి తెలుగుకు పనికిరాదు, మన అక్షరాల నిండా వంపులూ సున్నాలే. ఫెల్ట్‌ను రెండు పొరలుగా పిన్ను చేసి ఒకేసారి కత్తిరించి, అంచు వెంబడి పైనుంచే కాజా కుట్టు వేసుకుంటూ, మధ్యమధ్య కొంచెం కొంచెం దూది పెట్టుకుంటూ పోవాలి. నమూనాను గుడ్డ వెనకవైపు గీస్తే అక్షరం తిరగబడుతుందని గుర్తుంచుకోండి.

అసలు చిక్కు విడి ముక్కలది. ‘న్ని’ కింద న ఒత్తు పై అక్షరాన్ని అంటదు. ప, స, హ లాంటి వాటికి తలకట్టు కూడా విడిగానే ఉంటుంది. అతికించేద్దామంటే ‘ప’ చూడబోతే ‘వ’లా అయిపోతుంది. దారంతో వేలాడదీస్తే ఒత్తు గిరగిరా తిరుగుతుంది. అందుకని ఒక్కో అక్షరాన్నీ ఒత్తుతో సహా, చుట్టూ ఒకటిన్నర సెంటీమీటర్ల అంచు మిగిలేలా, వేరే రంగు ఫెల్ట్ మబ్బు మీదో ఆకు మీదో కుట్టేయండి. చదవడానికి కూడా అప్పుడే బాగుంటుంది.

వేలాడదీసేటప్పుడు ప్రతి ముక్కకూ పైన రెండు చోట్ల పట్టు ఇవ్వండి, ఒక్కచోట కడితే తిరిగిపోతుంది. ముక్కల కింది అంచులు కాకుండా అక్షరాల పాదాలు ఒకే వరసలోకి రావాలి. ఒత్తు ఉన్న ముక్క కిందికి దిగినా ఫరవాలేదు. తొట్టికి ఆనుకున్న గోడ మీద మాత్రం వద్దు.

ప్రశ్న: పుట్టబోయే బిడ్డకు బొంత కుడుతున్నాను. ఎంత సైజు ఉండాలి?

90 × 110 సెంటీమీటర్లు. 10 సెంటీమీటర్ల గళ్లయితే అడ్డం 9, నిలువు 11, మొత్తం 99 ముక్కలు. ఒక్కోటి పదకొండున్నర సెంటీమీటర్లు కత్తిరిస్తే నాలుగు వైపులా ముప్పావు సెంటీమీటరు కుట్టుకు పోతుంది. గుడ్డలన్నీ ముందే ఉతికి ఆరేయండి, ముఖ్యంగా ఎరుపు, ముదురు నీలం. మొదటి ఏడాది నిద్రపోయే తొట్టిలో బొంత, దిండు, మెత్తటి బొమ్మలు ఉంచకూడదని పిల్లల వైద్యులు చెబుతారు. నేల మీద ఆడించడానికి పరచుకునే బొంతగానే ఇవ్వండి.

ప్రశ్న: గుడ్డ మీద ఎత్తు కొలిచే పట్టీ చేశాను. గోడకు తగిలించి కొలిస్తే బాబు ఎత్తు రెండు సెంటీమీటర్లు తేడా వస్తోంది. – ఓ తండ్రి

మూడు చోట్ల తప్పు జరగొచ్చు. చిన్న స్కేలును జరుపుతూ గీతలు గీస్తే, జరిపిన ప్రతిసారీ అర మిల్లీమీటరో, మిల్లీమీటరో పోగవుతుంది. మీటరు టేపును పక్కనే పరచి, ఎత్తకుండా గీతలన్నీ ఒకేసారి పెట్టాలి. రెండోది, ఉతకని కాన్వాసు గుడ్డ గీతలు పెట్టాక తడిస్తే, ఆవిరి ఇస్త్రీ పడితే కుంచించుకుపోతుంది. ముందు ఉతికి, ఇస్త్రీ చేసి, తర్వాత కొలవండి. మూడోది తగిలించిన ఎత్తు. పట్టీ 60 నుంచి 160 వరకు ఉంటే, 60 గీత నేల నుంచి సరిగ్గా 60 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. పై హుక్కును కాదు, ఆ గీతనే స్టీల్ టేపుతో కొలిచి తగిలించండి. పైనా కిందా చెక్క పుల్ల దూరిస్తే గుడ్డ ముడుచుకోదు. అంకెలకు ఫాబ్రిక్ పెన్ను వాడి, పైన పలచటి గుడ్డ వేసి ఆవిరి లేకుండా మూడు నాలుగు నిమిషాలు ఇస్త్రీ చేస్తే రంగు నిలుస్తుంది.

ప్రశ్న: పుస్తకాల చెక్క అరకు రంగు వేసి వార్నిష్ పూశాం. ఆరి వారమైంది. పుస్తకాలు పెడితే అట్టలు అతుక్కుపోతున్నాయి.

చేతికి అంటకపోవడం ఆరడం, గట్టిపడటం వేరే. నీటి ఆధారిత రంగులు తాకితే కొన్ని గంటల్లో ఆరినట్టుంటాయి, పూర్తిగా గట్టిపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. గాలిలో తేమ ఉంటే ఇంకా ఎక్కువ. ఒకే పూత మందంగా వేస్తే పైపొర ఆరి లోపలి తడిని మూసేస్తుంది. పుస్తకాలు తీసి మరో రెండు వారాలు గాలికి ఉంచండి. అప్పటికీ జిగటగా ఉంటే 220 నంబరు సాండ్ పేపర్‌తో తేలిగ్గా రుద్ది, తుడిచి, పలచగా రెండు పూతలు వార్నిష్ వేయండి. పూతకూ పూతకూ నాలుగు గంటలు ఆగాలి. ఈ అర పాత సామాను నుంచి తీసినదైతే, కింద ఉన్న పాత రంగును పొడిగా రుద్దకండి. అందులో సీసం ఉండొచ్చు, ఆ ధూళి పిల్లలకు విషం.

ప్రశ్న: గాజు సీసాలో చిన్న లైట్ల తీగ పెట్టి రాత్రి దీపం చేద్దామనుకుంటున్నాం, సరేనా?

గాజుకు బదులు ప్లాస్టిక్ సీసా తీసుకోండి. నాణెంలాంటి బటన్ బ్యాటరీతో వెలిగే తీగలు పిల్లల గదిలోకి రానివ్వకండి. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. మింగినట్టు అనుమానం వచ్చినా, పిల్లవాడు మామూలుగానే ఉన్నా, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పెన్సిల్ సెల్స్‌తో నడిచి, బ్యాటరీ మూతకు స్క్రూ ఉండే తీగ కొనండి. వెలిగించి గంట తర్వాత తాకి చూడండి. వెచ్చగా తగిలితే ఆ తీగ వద్దు.