డ్రాఫ్టులో పేరు రాకపోతే హాకీ ఆటగాడి దారి మూసుకుపోతుందా?

ప్రశ్న: మా మనవడు కెనడాలోని సర్రేలో పుట్టి పెరిగాడు. వయసు 17. జూనియర్ లీగులో ఐస్ హాకీ ఆడుతున్నాడు, ఫార్వర్డ్. వచ్చే ఏడాది డ్రాఫ్టులో తనను ఏ జట్టూ తీసుకోదేమోనని వాడికి బెంగ పట్టుకుంది. అలాగే జరిగితే ఆట మాన్పించి చదువులో పెడతానని మా అల్లుడుగారు అంటున్నారు. మా అమ్మాయి మాత్రం ఆ ఊరివాడే అయిన అర్ష్‌దీప్ బైన్స్‌ను చూసి ఓపిక పట్టమంటోంది. ఆ కుర్రాడి కథ ఏమిటి? మా వాడికి అది వర్తిస్తుందా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: మీ అమ్మాయి సరైన పేరే చెప్పారు. ముందు డ్రాఫ్టు సంగతి చూద్దాం. ఐస్ హాకీలో అగ్ర లీగ్ అయిన నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్)లోని 32 జట్లు ఏటా ఏడు రౌండ్లలో 224 మంది కుర్రాళ్ళను ఎంచుకుంటాయి. వీరిలో ఎక్కువమంది పద్దెనిమిదేళ్ళవాళ్ళు. ఎంపికైన కుర్రాడితో కాంట్రాక్టు కుదుర్చుకునే హక్కు ఆ జట్టుకు దక్కుతుందే తప్ప, కుర్రాడికి అప్పుడే కొలువు దొరికినట్టు కాదు. ఆ ఏడు పేరు రానివారిని తర్వాతి రెండేళ్ళ డ్రాఫ్టుల్లోనూ తీసుకోవచ్చు. అప్పటికీ ఎవరూ తీసుకోకపోతే, ఏ జట్టుతోనైనా నేరుగా ఒప్పందం చేసుకునే స్వేచ్ఛ ఆ ఆటగాడికి ఉంటుంది.

బైన్స్ విషయంలో జరిగింది అదే. 2001 జనవరిలో సర్రేలో ఒక పంజాబీ కుటుంబంలో పుట్టిన ఈ వింగర్ (అంచున ఆడే ఫార్వర్డ్), కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో ఒకటైన వెస్టర్న్ హాకీ లీగ్‌లో రెడ్ డీర్ రెబెల్స్ తరఫున ఆడుతూ వచ్చినా డ్రాఫ్టులో అతన్ని ఎవరూ తీసుకోలేదు. పైగా అతను ఎదగవలసిన 2020-21 సీజన్‌ను కోవిడ్ వల్ల 24 మ్యాచ్‌లకు కుదించారు. జూనియర్ హాకీలో ఆడే అర్హత ఇంకా ఒక్క ఏడాదే మిగిలింది. ఆ చివరి ఏడాది, 2021-22లో, 68 మ్యాచ్‌లలో 43 గోల్స్, 69 అసిస్టులతో (తోటివారి గోల్స్‌కు అందించిన పాసులు) మొత్తం 112 పాయింట్లు సాధించి లీగ్ మొత్తానికీ అగ్రస్థానంలో నిలిచాడు. సీజన్ ముగియకముందే, 2022 మార్చిలో, ఎన్‌హెచ్‌ఎల్ జట్టు వాంకూవర్ కానక్స్ అతనితో మూడేళ్ళ ఒప్పందం చేసుకుంది.

అసలు పరీక్ష ఆ సంతకం తర్వాతే మొదలైందని నా అభిప్రాయం. కానక్స్ అతన్ని ఎన్‌హెచ్‌ఎల్‌కు ఒక మెట్టు కింద ఉండే అమెరికన్ హాకీ లీగ్‌లోని తమ అనుబంధ జట్టు అబాట్స్‌ఫర్డ్‌కు పంపింది. జూనియర్‌లో గోల్స్ మోత మోగించిన కుర్రాడు అక్కడ పాతికేళ్ళు, ముప్పయ్యేళ్ళ మగవాళ్ళ మధ్య నెగ్గుకురావాలి. పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళ) మూలకు దొర్లినప్పుడు డిఫెన్స్ ఆటగాడు వెనక నుంచి భుజంతో గోడకు అదిమేస్తుంటే, స్కేట్ల అంచు మీద నిలదొక్కుకుని, స్టిక్‌తో పక్‌ను కాపాడుకుంటూ, గోల్ ముందు తనవాడు ఎక్కడున్నాడో తల తిప్పకుండానే పసిగట్టి అందించాలి. ఇదంతా దాదాపు 45 సెకన్లలో జరుగుతుంది. ఆపైన రొప్పుతూ బెంచీకి చేరితే, మరో ముగ్గురు ఫార్వర్డులు గోడ దాటి మంచు మీదికి దూకుతారు. పక్ పోగొట్టుకున్నాక వెనక్కి పరుగెత్తని ఫార్వర్డ్‌ను, ఎన్ని గోల్స్ కొట్టినా, పై లీగ్ కోచ్‌లు నమ్మరు. మీ మనవడి ఆటలో నేనైతే మొదట చూసేది ఆ వెనక్కి వచ్చే పరుగునే.

ఒప్పందం కుదిరాక దాదాపు రెండేళ్ళకు, 2024 ఫిబ్రవరి 20న, డెన్వర్‌లో కొలరాడో అవలాంచ్‌పై బైన్స్ తొలి ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ ఆడాడు. తొలి గోల్ కోసం ఆ ఏడాది అక్టోబరు దాకా ఆగవలసి వచ్చింది. ఈ మధ్యలో పైకి పిలవడం, మళ్ళీ అబాట్స్‌ఫర్డ్‌కు పంపడం జరుగుతూనే ఉన్నాయి. అలా పంపినందుకు చిన్నబుచ్చుకోకుండా అతను ఆడిన ఆ అబాట్స్‌ఫర్డ్ జట్టే 2025 జూన్‌లో షార్లట్ చెకర్స్‌ను ఓడించి అమెరికన్ హాకీ లీగ్ విజేతకిచ్చే కాల్డర్ కప్ గెలుచుకుంది. ఆ జట్టుకు అప్పటి కోచ్ మానీ మల్హోత్రా కూడా పంజాబీ మూలాలున్నవారే; ఆయనను 1998 డ్రాఫ్టులో న్యూయార్క్ రేంజర్స్ ఏడో స్థానంలోనే ఎంచుకుంది. పిలిచి పీట వేసిన దారిన వచ్చిన ఆయనా, ఎవరూ పిలవకుండా వచ్చిన ఈ కుర్రాడూ ఒకే కప్పు ఎత్తడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. వీరికంటే ముందు, 1989లోనే, సర్రే ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రానికే చెందిన రాబిన్ బావా భారతీయ మూలాలున్న తొలి ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడయ్యారు.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. 2024-25లో ఎన్‌హెచ్‌ఎల్ కనీస వేతనం ఏడాదికి 7,75,000 డాలర్లు. అయితే కొత్తవారికి సాధారణంగా రెండు అంచెల కాంట్రాక్టు ఇస్తారు; కింది లీగులో ఉన్న రోజులకు అందులో కొద్ది వంతే చేతికి వస్తుంది.

ఇక మీ అల్లుడుగారి పట్టుదల గురించి. ఆటా చదువూ ఒకదానికొకటి అడ్డు అనుకునే రోజులు మారాయి. కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో ఆడినవారిని ఒకప్పుడు అమెరికా కళాశాలల హాకీలోకి రానిచ్చేవారు కాదు. 2024 నవంబరులో తీసుకున్న నిర్ణయంతో 2025 ఆగస్టు నుంచి ఆ తలుపు తెరుచుకుంది. ఎన్‌హెచ్‌ఎల్ కాంట్రాక్టుపై సంతకం చేసినవారికి మాత్రం ఈ వెసులుబాటు వర్తించదు. మీ మనవడు వెస్టర్న్ హాకీ లీగ్‌లోనే ఆడుతున్నట్టయితే, ఆడిన ఒక్కో సీజన్‌కు ఒక్కో ఏడాది కళాశాల ఫీజు, పుస్తకాల ఖర్చు ఇచ్చే స్కాలర్‌షిప్పు కూడా ఉంది. దానిని ఎప్పటిలోగా వాడుకోవాలో, ప్రొఫెషనల్ ఒప్పందం కుదిరితే ఏమవుతుందో జట్టు కార్యాలయంలో అడిగి, రాతపూర్వకంగా తీసుకోమని మీ అమ్మాయితో చెప్పండి. డ్రాఫ్టు రోజు రాకముందే ఆ పని చేయడం మంచిది.