తోడేలు పిల్లను తెచ్చుకునే ముందు

చిన్నీ,

పాచికలతో కథ నడిపే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట గురించి నువ్వు రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ పార్టీ (మీ పాత్రల బృందం) చేతిలో తల్లి తోడేలు చనిపోవడం, గుహ లోపలి మూలలో పిల్ల ఒకటి మిగిలిపోవడం, మిగతావాళ్లు బయటికి నడుస్తుంటే నీ రోగ్ (దొంగ పాత్ర) మాత్రం అక్కడే నిలబడిపోవడం చాలా బాగుంది. అక్కడ సెషన్ ఆపిన మీ డీఎంకు (ఆటను నడిపించే డంజియన్ మాస్టర్‌కు) ఆట తెలుసు. ఆ పిల్లను నీ పాత్రకు తోడుగా ఎలా తెచ్చుకోవాలని అడిగావు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో దానికి దారులు చాలానే ఉన్నాయి. కానీ ఏ దారి పట్టినా ముందు ఒక ప్రశ్నకు జవాబు తేల్చుకోవాలి. ఆ జంతువు చనిపోతే ఏం జరగాలి?

అపశకునం మాట్లాడుతున్నానని అనుకోకు. ఈ ఆటలో జంతువును సంపాదించే పద్ధతుల మధ్య అసలు తేడా అక్కడే ఉంది. ఒక పద్ధతిలో పోతే పోయినట్టే. ఇంకొక పద్ధతిలో స్పెల్ (మంత్రం) మళ్లీ వేస్తే తిరిగి వస్తుంది. మరొక దాంట్లో నిమిషంలో లేచి నిలబడుతుంది. చాలామంది ఆటగాళ్లు ఇది చూసుకోకుండా ముందు ప్రేమ పెంచుకుంటారు, తర్వాత పుస్తకం తెరుస్తారు. అప్పటికి టేబుల్ మీద కన్నీళ్లు వచ్చేసి ఉంటాయి.

అంకెలు చూడు, నీకే అర్థమవుతుంది. నేను చెప్పేవి 2014 పుస్తకంలోవి. మాస్టిఫ్ అనే పెద్ద కుక్కను 25 బంగారు నాణేలిచ్చి ఎవరైనా కొనుక్కోవచ్చు. దానికి 5 హిట్ పాయింట్లు, అంటే దెబ్బలు తట్టుకునే శక్తి అంతే. గాబ్లిన్ వేసే బాణం దెబ్బ సగటున 5. ఒక్క బాణంతో కథ అయిపోతుంది. ఎదిగిన తోడేలుకు 11 ఉంటాయి, కొంచెం నయం. కానీ మీరు ఐదో లెవెల్ చేరేసరికి ఎదుటి పక్షంలో ఎవరో ఒకరు ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రం వేస్తారు. దాని దెబ్బ సగటున 28. సేవ్ (తప్పించుకోవడానికి వేసే పాచిక) నెగ్గితే సగమే తగులుతుంది, కానీ ఆ సగం 14. అంటే తోడేలు సేవ్ నెగ్గి కూడా చచ్చిపోతుంది. నీకు లెవెల్ పెరుగుతూ ఉంటుంది, మామూలు జంతువుకు పెరగదు. మొదటి నెలలో నీ పక్కన ధీమాగా పోరాడిన జంతువు తర్వాత గాజుబొమ్మలా మిగిలిపోవడానికి కారణం ఇదే.

ఈ చిక్కు తీర్చడానికే రేంజర్ అనే అడవి వేటగాడి పాత్రకు బీస్ట్ మాస్టర్ అనే దారి ఉంది, మూడో లెవెల్‌లో దొరుకుతుంది. 2014 పద్ధతిలో జంతువు దాడి చేయాలంటే రేంజర్ తన సొంత యాక్షన్ (ఒక వంతులో చేసే ముఖ్యమైన పని) వదులుకోవాలి. దానిమీద ఆటగాళ్లు ఏళ్ల తరబడి గొణుక్కున్నారు. 2020లో వచ్చిన టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ అనే పుస్తకంలో దాన్ని సరిచేశారు. ఆజ్ఞ ఇవ్వడానికి బోనస్ యాక్షన్ (యాక్షన్ కాక దొరికే చిన్న పని) చాలు. నేల మీద తిరిగే జంతువుకు హిట్ పాయింట్లు రేంజర్ లెవెల్‌కు ఐదింతలు, పైన ఇంకో 5. ఐదో లెవెల్‌లో 30 వస్తాయి, అంటే సగటు ఫైర్‌బాల్ పూర్తిగా తగిలినా బతుకుతుంది. చనిపోయినా గంటలోపు ఒక స్పెల్ స్లాట్ (స్పెల్ వేసే అవకాశం) ఖర్చుపెడితే నిమిషంలో పూర్తి ఆరోగ్యంతో లేస్తుంది. మీ ఫ్రెండ్ నిన్ను రేంజర్‌లోకి మల్టీక్లాస్ అవ్వమన్నది (అంటే కొన్ని లెవెల్స్ అందులో తీసుకోమన్నది) దీనికోసమే అయ్యుంటుంది. నేను మాత్రం వద్దంటాను. ఆ జంతువు బలం నీ మొత్తం లెవెల్‌ను చూడదు, రేంజర్ లెవెల్‌నే చూస్తుంది. మూడు లెవెల్స్ అక్కడ పెట్టి మళ్లీ రోగ్‌కు తిరిగొస్తే అది 20 హిట్ పాయింట్ల దగ్గరే ఆగిపోతుంది, నీ స్నీక్ అటాక్ (అదను చూసి కొట్టే అదనపు దెబ్బ) కూడా మూడు లెవెల్స్ వెనకబడుతుంది. రెండు వైపులా నష్టమే.

రోగ్‌కు సొంతంగా ఒక మంచి దారి ఉంది. మూడో లెవెల్‌లో ఆర్కేన్ ట్రిక్‌స్టర్ అనే మంత్రాల దొంగ దారి తీసుకుంటే మూడు మొదటి లెవెల్ విజర్డ్ స్పెల్స్ వస్తాయి. 2014 పుస్తకం ప్రకారం రెండింటిని ఎన్‌చాంట్‌మెంట్ (మనసును లొంగదీసేవి), ఇల్యూజన్ (భ్రమ కల్పించేవి) రకాల నుంచే తీసుకోవాలి, ఒకటి మాత్రం నీ ఇష్టం. ఆ ఒక్కటి ఫైండ్ ఫెమిలియర్ పెట్టుకో. 10 బంగారు నాణేల విలువైన బొగ్గు, ధూపద్రవ్యాలు, మూలికలు ఇత్తడి పాత్రలో వేసి కాలుస్తూ గంటసేపు మంత్రం జపిస్తే ఒక ఆత్మ జంతురూపంలో వస్తుంది. గుడ్లగూబను ఎంచుకుంటే శత్రువు మీదికి దూసుకెళ్లి, హెల్ప్ యాక్షన్ (నీ దాడికి సాయం) చేసి, ఎదురుదెబ్బ తగలకుండా ఎగిరి వచ్చేస్తుంది. దాంతో నీకు అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం), అడ్వాంటేజ్‌తో స్నీక్ అటాక్. వంద అడుగుల లోపు ఉంటే దాని కళ్లతో చూడొచ్చు కూడా. దానికి ఉండేది ఒక్క హిట్ పాయింటే. పోతే మాయమవుతుంది, ఇంకో గంట, ఇంకో 10 నాణేలు పెడితే తిరిగొస్తుంది. ఒక గూఢచారికి ఇంతకంటే అక్కరకొచ్చే తోడు లేదు.

కానీ చిన్నీ, అది నీ గుహలోని పిల్ల కాదు. ఫెమిలియర్ తీసుకోగల రూపాల్లో తోడేలు లేదు. దాడి చేయడం దానికి రాదు, తల్లి కోసం ఏడవడమూ ఉండదు. నీ ఉత్తరంలో నువ్వు అడిగింది స్కౌట్ కోసం కాదని నాకు తెలుసు. నీ పాత్ర అనాథ అని మొదటి పేజీలోనే రాసుకున్నావు.

అందుకే నేను సైడ్‌కిక్ రూల్ వాడమంటాను. 2019 ఎసెన్షియల్స్ కిట్ అనే ఆట పెట్టెలో మొదట వచ్చింది, టాషాస్ పుస్తకంలో పెంచి రాశారు. ఛాలెంజ్ రేటింగ్ (ప్రాణి ఎంత ప్రమాదకరమో చెప్పే అంకె) అర లేదా అంతకన్నా తక్కువ ఉన్న ఏ ప్రాణినైనా పార్టీతో పాటు లెవెల్ పెరిగే తోడుగా మార్చుకోవచ్చు. తోడేలుది పావు, కాబట్టి సరిపోతుంది. మూడు రకాల్లో ఎక్స్‌పర్ట్ తీసుకో. మొదటి లెవెల్‌లోనే బోనస్ యాక్షన్‌గా హెల్ప్ చేయగలదు, రెండో లెవెల్ నుంచి నీలాగే దాక్కోవడం, తప్పుకోవడం, పరుగెత్తడం వస్తాయి. దొంగ పెంచిన తోడేలు దొంగలా నడవడం కథకు కూడా అందంగా ఉంటుంది. ఈ రూల్‌లో ఉన్న ఇంకో షరతు ఆ ప్రాణి పార్టీలో కనీసం ఒకరికి స్నేహితుడై ఉండాలని. అది నీకు వరం. స్నేహం ఎలా కుదిరిందో ఆడి చూపించే అవకాశం అన్నమాట.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. మామూలుగా రాక్షసులు, జంతువులు సున్నా హిట్ పాయింట్లకు రాగానే చనిపోయినట్టు లెక్క. ముఖ్యమైన పాత్రలకు మాత్రం మనలాగే డెత్ సేవ్స్ ఇవ్వొచ్చని పుస్తకమే డీఎంకు చెబుతుంది. సైడ్‌కిక్‌కు అయితే టాషాస్ రూల్‌లోనే అవి ఉన్నాయి, కాబట్టి ఈ తోడేలుకూ ఉంటాయి. పడిపోతే ప్రతి టర్న్‌లో డి20 (ఇరవై ముఖాల పాచిక) వేస్తావు, 10 లేదా పైన మూడుసార్లు పడితే నిలదొక్కుకుంటుంది, కింద మూడుసార్లు పడితే వెళ్లిపోతుంది. నాకు ఇదే న్యాయమనిపిస్తుంది. చావు ఉంటుంది కాబట్టి దాన్ని ముందుకు తోయడానికి నువ్వు ఆలోచిస్తావు, వైద్యం చేసే క్లెరిక్ పరుగెత్తుకొచ్చే సమయమూ ఉంటుంది. ఒక జాగ్రత్త. శత్రువుకు ఐదడుగుల లోపు నీ పక్షంవాళ్లు ఎవరున్నా నీకు స్నీక్ అటాక్ దొరుకుతుంది, తోడేలు నిలబడ్డా దొరుకుతుంది. ఆ పాచికల ఆశకు దాన్ని ప్రతి యుద్ధంలోనూ ముందు వరసలో పెట్టకు.

ఇప్పుడు మచ్చిక గురించి. ఒక్క యానిమల్ హ్యాండ్లింగ్ (జంతువును మచ్చిక చేసే నేర్పుకు పాచిక వేసే) చెక్‌తో పని కానివ్వకు. డీఎం డీసీ (అందుకోవాల్సిన అంకె) 15 చెప్పి, నువ్వు 17 వేసి, "సరే, నీ వెంట వస్తుంది" అంటే అక్కడితో కథ చచ్చిపోతుంది. ఆ పిల్ల తల్లిని చంపింది మీరే. నీ చేతులకు ఇంకా ఆ రక్తం వాసన ఉంది. కాగడా చూస్తే అది ఇంకా లోపలికి నక్కుతుంది. ఇంటికి కొత్తగా తెచ్చిన కుక్కపిల్ల మొదటి రెండు రాత్రులు మంచం కింద నుంచి రాదు చూశావా, అలాంటి భయాన్ని ఆడు. కాగడా బయట పెట్టు, చేతులు కడుక్కో, ఎండుమాంసం ముక్క నేలమీద పెట్టి దూరంగా వెళ్లి కూర్చో. ఒక సెషన్‌లో అది తింటే చాలు, ఇంకో సెషన్‌లో నీ బూటు వాసన చూస్తే చాలు. చెక్కులు మూడు నాలుగు సెషన్లలో పంచమని డీఎంను అడుగు. ఓడిపోయిన చెక్ కూడా పనికొస్తుంది: కరిచిందని రాసుకో, మచ్చ ఉంచుకో.

మీ పార్టీలో ప్రకృతి మంత్రాలు వేసే డ్రూయిడ్ ఆనిమల్ ఫ్రెండ్‌షిప్ స్పెల్ వేస్తానంటే గుహలోంచి బయటికి తేవడానికి మాత్రం ఒప్పుకో. అది 24 గంటలే ఉంటుంది. స్పీక్ విత్ ఆనిమల్స్ అయితే రిచువల్‌గా (స్లాట్ ఖర్చు లేకుండా, నిదానంగా) ఎన్నిసార్లయినా వేయొచ్చు, కానీ అరుదుగా వాడండి. రోజూ మాట్లాడే తోడేలు తోడేలులా ఉండదు.

ఇంకొకటి, చాలామంది గమనించనిది. ఆటలోపలి కాలం మన క్యాలెండర్ కంటే చాలా నెమ్మది. మీరు ఆరు నెలలు ఆదివారాలు ఆడితే కథలో రెండు వారాలు గడవొచ్చు. తోడేలు పిల్ల పెద్దదవడానికి ఏడాది దాకా పడుతుంది. అంటే నీ క్యాంపెయిన్ అంతా అది పిల్లగానే ఉండిపోగలదు. కాబట్టి ఈ అధ్యాయం అయ్యాక ఒక శీతాకాలం దాటించమని డీఎంను ఇప్పుడే అడుగు. పార్టీలో అందరికీ ఆ విరామం పనికొస్తుంది, ఒకరు కత్తి చేయించుకుంటారు, ఒకరు ఇంటికి వెళ్లొస్తారు. అప్పటిదాకా పిల్లకు యుద్ధం లేదు, ఎవరో ఒకరి సంచిలో ఉంటుంది. ఆ సంచి నీదే కానక్కర్లేదు. ఫైటర్ మోయనీ, క్లెరిక్ వైద్యం చేయనీ. జంతువును ఒక్కరే పట్టుకుని కూర్చుంటే మిగతావాళ్లకు విసుగొస్తుంది. అందరూ ముట్టుకున్న జంతువును పార్టీ మొత్తం కాపాడుతుంది.

డీఎంతో మాట్లాడేటప్పుడు ఆయన వైపు నుంచి ఆలోచించు. ఆయనకు భయం రెండు విషయాల్లో ఉంటుంది: టర్న్‌లు సాగిపోతాయని, యుద్ధాల బ్యాలెన్స్ తప్పుతుందని. "తోడేలు నా టర్న్‌లోనే కదులుతుంది, దాని షీట్ నేనే చూసుకుంటాను, నా వంతు వచ్చేసరికి ఏం చేస్తుందో తేల్చుకుని ఉంటాను" అని నువ్వే ముందు చెప్పు. దాని నడక నీ చేతిలో ఉంచుకుని, భయాలు మాత్రం ఆయనకు ఇచ్చేయ్. అది ఎప్పుడు బెదురుతుందో, ఎవరిని చూసి గుర్రుమంటుందో ఆయనే నిర్ణయిస్తే ఆ జంతువులోకి ప్రాణం వస్తుంది. టేబుల్ దగ్గర అందరినీ ఒక మాట అడుగు, జంతువుకు దెబ్బలు తగలడం వినలేనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని. ఇంట్లో పెంచుకున్న కుక్క ఈ మధ్యే పోయినవాళ్లు ఉండొచ్చు. ఉంటే వర్ణనలు తగ్గించుకోండి.

యుద్ధం బయట దాని విలువ ఎక్కువ. ఎదిగిన తోడేలు పాసివ్ పర్సెప్షన్ (వెతక్కుండానే పసిగట్టే శక్తి) 13, వాసన, చప్పుడు విషయంలో అడ్వాంటేజ్ ఉంది కాబట్టి 18గా లెక్కపెట్టాలి. రాత్రి కాపలాకు మీలో ఎవరికీ అంత ఉండకపోవచ్చు. పేరు రెండక్షరాలది పెట్టు, యుద్ధంలో అరవడానికి వీలుగా ఉంటుంది.

డీఎం ఏమన్నాడో రాయి. షీట్ తయారుచేశాక ఫోటో తీసి పంపు, ఎక్స్‌పర్ట్ లెవెల్స్ ప్రకారం హిట్ పాయింట్లు సరిగ్గా వేశావో లేదో నేను చూస్తాను.

మీ బాబాయ్