మీ ఉత్తరంలో ఆ బండి ఆవిడ ఎక్కడ?

ప్రశ్న (క్లుప్తంగా): మా అబ్బాయి పోయిన జూన్‌లో బెంగళూరులో ఒక ఫుట్‌బాల్ క్లబ్‌తో కాంట్రాక్ట్ మీద సంతకం చేశాడు. ఇంటర్ ప్రైవేటుగా కడుతున్నాడు. సంక్రాంతికి ఇంటికొచ్చి, ఆర్కే బీచ్ దగ్గర బైక్‌తో ఒక మురీ మిక్చర్ బండిని గుద్దాడు. ఆ గొడవలో నోరు జారాడు. ఎవరో వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టారు, లోకల్ ఛానెళ్లు కూడా వేశాయి. విచారణ అయ్యేదాకా ట్రైనింగ్‌కి రావద్దని క్లబ్ చెప్పింది. పోలీసులు కేసు కట్టారు. ఆట మాన్పించి ఇంజనీరింగ్‌లో చేర్చాలా? మా బావమరిది ఏడాదిపాటు స్పెయిన్‌లో ఫుట్‌బాల్ అకాడమీకి పంపేయమంటున్నాడు, 18 లక్షలవుతుందట. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ డిగ్రీ మంచిదని ఇంకొకరన్నారు. మూడింటినీ పోల్చి చెప్పగలరు.
— ఒక తండ్రి, ఉక్కునగరం, విశాఖపట్నం

జవాబు: మీరు పంపిన మూడు పేజీలూ రెండుసార్లు చదివాను. రెండోసారి ఒకే విషయం కోసం వెతికాను. ఆ బండి ఆవిడకి దెబ్బ తగిలిందా? బండి మళ్లీ పెట్టుకోగలిగిందా? ఎక్కడా లేదు. మీరు అడక్కముందే ఆ వీడియో నా ఫోన్‌కీ వచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకుని రోడ్డు పక్కన కూర్చుని ఉంది. మీవాడు నిలబడి “నేనెవరో తెలుసా, నీ బండి ఖరీదెంత” అంటున్నాడు. మీ ఉత్తరంలో మాత్రం అది “నోరు జారడం”గా ఒక్క వాక్యంలో అయిపోయింది.

మీరడిగిన మూడు దారుల సంగతీ చెప్తాను. కానీ మీరు అసలు అడుగుతున్నది అది కాదని నాకు తెలుసు. ర్యాగింగ్ కేసులో ఇరుక్కున్న పిల్లాడి తల్లి, పరీక్షలో కాపీ కొట్టి పట్టుబడ్డ అమ్మాయి తండ్రి కూడా నా ఎదురుగా కూర్చుని ఇదే మాట అడిగారు: “ఎక్కడికైనా పంపేద్దామా?” పైకి అడిగేది కోర్సు గురించి. లోపల ఉన్నవి రెండు దిగుళ్లు. ప్లాంట్‌లో, పెళ్లిళ్లలో నలుగురికీ మొహం ఎలా చూపించాలన్నది ఒకటి. పిల్లాడి బతుకు ఇక్కడితో అయిపోయిందా అన్నది రెండోది. మొదటిదానికి నా దగ్గర మందు లేదు, అది కొన్నాళ్లకి దానంతటదే తగ్గుతుంది. రెండోదానికి గట్టిగా చెప్పగలను: అయిపోలేదు.

2020 సెప్టెంబర్‌లో ఫిల్ ఫోడెన్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు ఇంగ్లండ్ జట్టు తరఫున మొదటిసారి ఐస్‌లాండ్‌లో ఆడాడు. కోవిడ్ రోజులవి. హోటల్లో నిబంధనలు తప్పాడని అక్కడి పోలీసులు జరిమానా వేశారు, జట్టు అతన్ని అక్కణ్నుంచే ఇంటికి పంపేసింది. తర్వాత నెల జట్టులో చోటు లేదు. ప్రపంచమంతా చూసింది, పత్రికలు ఏకిపారేశాయి. అతను బహిరంగంగా క్షమాపణ చెప్పాడు, క్లబ్‌కి తిరిగి వెళ్లి ఆడుకున్నాడు. నవంబర్‌లో మళ్లీ పిలిచారు. దేశం తరఫున అతని మొదటి రెండు గోల్సూ అదే ఐస్‌లాండ్ మీద వేశాడు. 2023-24లో ప్రీమియర్ లీగ్ ఉత్తమ ఆటగాడు అతనే.

మనవాళ్లలో సందేశ్ జింగాన్ సంగతి చూడండి. 2022 ఫిబ్రవరిలో ఒక మ్యాచ్ అయ్యాక ఆడవాళ్లని కించపరిచే మాట అన్నాడు, అది కెమెరాలో పడింది. అప్పటికే అర్జున అవార్డు అందుకున్న ఆటగాడు. జనం విరుచుకుపడ్డారు. క్షమాపణ చెప్పాడు. ఆ తర్వాత కూడా భారత జట్టుకి ఆడాడు.

నిలదొక్కుకోలేనివాళ్లూ ఉన్నారు, దాచను. రావెల్ మోరిసన్ 2011లో మాంచెస్టర్ యునైటెడ్ కుర్రాళ్ల జట్టుతో యూత్ కప్ గెలిచాడు. తర్వాత ప్రపంచ స్థాయి ఆటగాడైన పోగ్బా ఆ జట్టులోనే ఉన్నాడు. ఆట తెలిసినవాళ్లు చాలామంది మోరిసన్‌ని గొప్ప ప్రతిభ అనేవాళ్లు. అదే ఏడాది సాక్షిని బెదిరించిన కేసులో కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు. ఆ తర్వాత పదికి పైగా క్లబ్బులు మారాడు గానీ ఎక్కడా కుదురుకోలేదు. అతని జీవితం గురించి తీర్పు చెప్పే హక్కు నాకు లేదు. కానీ గమనించండి, అది ఒక్క రాత్రి జరిగిన తప్పు కాదు. ఒక దాని మీద ఒకటి పేరుకుంటూ పోయాయి.

ఇక మీ ఉత్తరంలో నన్ను నిద్రపోనివ్వని వాక్యం. బైక్ నడిపింది మీవాడు కాదు, వెనక కూర్చున్న స్నేహితుడు అని రాయిద్దామని ఎవరో బంధువు సలహా ఇచ్చారట. “మీరేమంటారు” అని నన్నడిగారు. అయ్యా, ఇంకొకరి కొడుకుని బలిపెట్టి మీ కొడుకుని కాపాడుకుంటారా? వాడికీ ఓ తల్లి ఉంది. పైగా మీవాడు ఆ అబద్ధాన్ని జీవితాంతం మొయ్యాలి. దయచేసి ఆ మాట ఇంట్లో ఇంకోసారి రానివ్వకండి.

ధర్మం మాట అలా ఉంచి లాభనష్టాలే చూసుకున్నా అది తెలివితక్కువ పని. రేపు రైల్వేలోనో, పోర్టులోనో, పోలీసులోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వస్తే పూర్వాపరాల విచారణ ఫారం నింపాలి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం మీదే వివరంగా చెప్పింది. చిన్న వయసులో జరిగిన చిన్నపాటి కేసుని నిజాయితీగా రాసినవాడి విషయంలో పై అధికారులు ఉదారంగా ఆలోచించవచ్చు. దాచినవాడి పరిస్థితి వేరు, దాచడమే ఉద్యోగం పోవడానికి కారణం కావచ్చు. ఇటలీ ఆటగాడు సాండ్రో తొనాలి బెట్టింగ్ వ్యవహారంలో 2023 అక్టోబర్‌లో పది నెలలు ఆటకి దూరమయ్యాడు. ఇంగ్లండ్‌లో కూడా బెట్లు కట్టానని తనే చెప్పుకున్నాడు. అందుకే అక్కడ వేసిన రెండు నెలల నిషేధాన్ని వెంటనే అమలు చెయ్యకుండా పక్కన పెట్టారు. శిక్ష పూర్తి చేసుకుని వచ్చి ఇప్పుడు ఆడుతున్నాడు.

మీ భయం తగ్గించే మాట ఇంకొకటి. మార్చిలో మీవాడికి పద్దెనిమిది నిండుతాయని రాశారు. అంటే సంఘటన జరిగిన రోజుకి మైనర్. చట్టం చూసేది ఆ రోజు వయసునే. కేసు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి వెళ్తుంది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో 24వ సెక్షన్ ప్రకారం ఇలాంటి కేసు వల్ల పిల్లవాడికి తర్వాతి కాలంలో అనర్హత అంటుకోకూడదు. 74వ సెక్షన్ ప్రకారం వాడి పేరు, మొహం, ఊరు ఛానెళ్లు చూపించకూడదు. అలా చూపిస్తే ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. పిల్లల కేసులు చూసే లాయర్‌ని పట్టుకుని, ఆ వీడియోలు తీసేయమని నోటీసు ఇప్పించండి. ఇది వాడి హక్కు, దీనికి సిగ్గుపడక్కర్లేదు.

మీరు సిగ్గుపడాల్సింది వేరే ఉంది. పదిహేడేళ్ల పిల్లాడికి, లైసెన్స్ లేనివాడికి, కాంట్రాక్ట్ వచ్చిందన్న సంతోషంలో 200 సీసీ బైక్ కొనిచ్చింది ఎవరు? మోటారు వాహనాల చట్టంలో 199ఏ సెక్షన్ అని ఒకటుంది. మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రినో, బండి యజమానినో దోషిగా చూస్తుంది. మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్స్ ఇవ్వరు. అంటే ఈ కేసులో వాడికన్నా మీకే ఎక్కువ చిక్కు. నా మాట కటువుగా ఉందని తెలుసు. కానీ వాడొక్కణ్నే బోనులో నిలబెట్టి మీరు పక్కన కూర్చుని “వీణ్నేం చేయమంటారు” అని నన్నడిగితే నేనొప్పుకోలేను.

ఇంకా ఉంది. పదిహేనేళ్లప్పటి నుంచి వాడి పేరు మీద ఇన్‌స్టాగ్రామ్ పేజీ నడుస్తోందని, దానికి నెలకి ఎనిమిది వేలిచ్చి ఒక కుర్రాణ్ని పెట్టామని రాశారు. ఇప్పుడిది ఫ్యాషన్ అయిపోయింది. ఆటగాడికి “బ్రాండ్” ఉండాలట. క్రికెట్, టెన్నిస్, బ్యాడ్మింటన్ ఆడే పిల్లల తల్లిదండ్రులు కూడా నన్నిదే అడుగుతున్నారు. నాకు దీని మీద ఏనాడూ నమ్మకం కుదరలేదు. ఒక్క సీనియర్ మ్యాచ్ ఆడని పిల్లాడికి రోజూ వందలమంది “కింగ్”, “స్టార్” అని రాస్తుంటే, వాడు బీచ్ రోడ్డు మీద ఒక పేద మనిషిని “నేనెవరో తెలుసా” అని అడగడంలో వింతేముంది? ఆ మాట వాడి నోట్లోకి రెండేళ్లపాటు మీ డబ్బుతోనే ఎక్కింది. కోచ్ జట్టులోకి తీసుకునేటప్పుడు చూసేది ఫాలోవర్లని కాదు, ఆటని. తప్పు జరిగిన రోజున మాత్రం ఆ ఫాలోవర్లే వీడియోని ఊరంతా పంచుతారు. పేజీని ఈ రోజే మూసేయండి. క్షమాపణ వీడియో కూడా పెట్టించకండి. అది ఆ కుర్రాడు రాసిచ్చిన మాటలు చదవడమే అవుతుంది.

స్పెయిన్ విషయానికొస్తే, ఇది కూడా ఈ మధ్య చాలామంది నోట వింటున్నాను. ముందు ఒక తేడా అర్థం చేసుకోండి. మనం డబ్బు కట్టి చేరేది అకాడమీ. వాళ్లు మనకి డబ్బిచ్చి తీసుకునేది క్లబ్. మీవాడు రెండోదాంట్లో ఉన్నాడు, మీరు వాణ్ని మొదటిదాంట్లోకి దించాలనుకుంటున్నారు. పద్దెనిమిది నిండనివాళ్లని వేరే దేశపు క్లబ్‌లో రిజిస్టర్ చేయడాన్ని, కొన్ని మినహాయింపులు తప్ప, ఫిఫా నియమాల్లో 19వ ఆర్టికల్ ఒప్పుకోదు. అందుకే ఫీజు తీసుకునే అకాడమీ బ్రోచర్‌లో పెద్ద క్లబ్ బొమ్మ కనిపించినంత మాత్రాన ఆ క్లబ్‌లో చోటు దొరికినట్టు కాదు. మార్చి తర్వాత ఆ అడ్డు తొలగుతుందని మీరనవచ్చు. కానీ ఇక్కడ కాంట్రాక్ట్ నడుస్తుండగా అక్కడ ఆడాలంటే ఈ క్లబ్ ఒప్పుకుని వదలాలి. విచారణ మధ్యలో వదిలేసి పోయినవాడిని ఏ క్లబ్ మంచి మాటతో పంపుతుంది? పైగా 18 లక్షలు మీ పీఎఫ్‌లోంచే తీయాలి. ఊరి నోటికి భయపడి రిటైర్మెంట్ డబ్బు ఖర్చుపెట్టడం నాకు ఏ మాత్రం ఇష్టం లేదు. ఫోన్ ఉన్నంతకాలం ఆ వీడియో వాడితో పాటు స్పెయిన్‌కీ వస్తుంది.

అలాగని ఇక్కడి ఫుట్‌బాల్ మీద కూడా మీకు ఆశలు పెంచను. 2025 జులైలో మన దేశపు పెద్ద లీగ్ ఐఎస్‌ఎల్ కొత్త సీజన్ మొదలవకుండానే వాయిదా పడింది, ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ తన మొదటి జట్టు జీతాలే నిలిపేసింది. పాతకాలపు కోచ్ రహీం గారి కాలంలో హైదరాబాద్ పోలీసు జట్టు ఆటగాడికి ఆటతో పాటు ఉద్యోగం ఉండేది. ఇప్పటి కాంట్రాక్టులకి ఆ భరోసా లేదు. కాబట్టి చదువు నడుస్తూనే ఉండాలి. ఇంజనీరింగే కానక్కర్లేదు. శిక్షగా చదివించే ఇంజనీరింగ్ అసలొద్దు. దూరవిద్యలో బీకాం గానీ బీఏ గానీ చేస్తూ ఆడుకోవచ్చు. ఏ డిగ్రీ ఉన్నా తర్వాత వ్యాయామ విద్య కోర్సు బీపీఈడీకి వెళ్లొచ్చు. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కావాలంటే డిగ్రీ అయ్యాక చూసుకోవచ్చు, ఇప్పుడే లక్షలు పోయక్కర్లేదు. పోలిక ఇంతే. మీరు ఇంకా పెద్ద పట్టిక ఆశించి ఉంటారు గానీ, మీ సమస్య పట్టికలో లేదు.

కాంట్రాక్ట్ కాగితం తీసి ఈసారైనా పూర్తిగా చదవండి. మైనర్ కాబట్టి దాని మీద మీ సంతకం కూడా ఉండాలి. క్లబ్ పేరుకి మచ్చ తెచ్చే ప్రవర్తన గురించి ఇలాంటి కాంట్రాక్టుల్లో సాధారణంగా ఒక క్లాజు ఉంటుంది. క్లబ్ పిలవకముందే జరిగింది జరిగినట్టు రాసి పంపించండి. రాసేది వాడే, వాడి చేత్తో, తెలుగులోనైనా సరే. విచారణకి మీరు వెళ్లండి, కానీ వాడి బదులు మాట్లాడకండి.

ఇంట్లో వాడు అన్నం తినడం లేదని, గది తలుపు తియ్యడం లేదని చివర్లో రాశారు. అన్నిటికన్నా ముందు రాయాల్సిన మాట అది. రోజూ వేలమంది తిడుతుంటే చదువుతున్న పదిహేడేళ్ల పిల్లాడు వాడు. ఈ రాత్రి ఫోన్ తీసేసుకోండి, వాళ్లమ్మ గానీ మీరు గానీ వాడి గదిలోనే పడుకోండి. తిట్లు తర్వాత. నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలన్న మాట వచ్చినా వెంటనే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఏ వేళనైనా 14416 నంబర్‌కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

పొద్దున్నే గాజువాకలోనో అక్కయ్యపాలెంలోనో తెలిసినవాళ్ల గ్రౌండ్‌లో పరిగెత్తనివ్వండి. ట్రైనింగ్ ఆగింది గానీ ఒళ్లు ఆగక్కర్లేదు.

తర్వాత లాయర్‌తో ఒక మాట చెప్పి, మీరిద్దరూ బీచ్‌కి వెళ్లండి. సాయంత్రం రద్దీలో కాదు, ఆవిడ బండి సర్దుకునే వేళకి. వైద్యం ఖర్చు, బండి ఖర్చు, ఆవిడ పని మానుకున్న రోజుల కూలి లెక్కగట్టి తీసుకెళ్లండి. కేసు వెనక్కి తీసుకోమని మాత్రం అడగకండి. ఆ మాట వచ్చిందంటే మీరు తెచ్చింది నష్టపరిహారం కాదు, లంచం. వాడు ఏం మాట్లాడాలో ముందే నేర్పించకండి. ఆవిడ తిడితే నిలబడి విననివ్వండి.

ఆ తర్వాత శనివారం మధ్యాహ్నం ద్వారకానగర్‌లో నా గదికి పంపండి. మీరు కింద టీ కొట్టు దగ్గర ఉండండి, వాడొక్కడే పైకి రానీ. నేను వాణ్ని ముందు అడగబోయేది ఆవిడ పేరు.