ఆడుకుంటే గిల్టీ, కూర్చుంటే ఎక్కట్లేదు

ప్రశ్న: అక్కా, మాది విజయవాడ సత్యనారాయణపురం. జర్మనీలో ఎంఎస్ రెండో సెమిస్టర్. వచ్చిన కొత్తలో వారానికి 15 గంటలే క్లాసులు, వీక్లీ టెస్టుల్లేవు, అటెండెన్స్ అడిగేవాడు లేడు, ఇంకేముంది క్రికెట్, ట్రిప్పులు, మధ్యలో గోడౌన్‌లో పార్ట్‌టైమ్. ఫిబ్రవరిలో నాలుగు ఎగ్జామ్స్ రాస్తే రెండు పోయినయ్. ఇప్పుడు అన్నీ మానేసి రూమ్‌లోనే ఉంటున్నా, ఐదు గంటలు కూర్చున్నా బుర్రకెక్కట్లేదు. బయటికెళ్తే నాన్న తీసుకున్న లోన్ గుర్తొస్తది. ఏం చెయ్యమంటారు? పేరు వెయ్యొద్దు ప్లీజ్.

జవాబు: ముందు ఆ బ్యాట్ మళ్ళీ బయటికి తియ్యి తమ్ముడూ. నువ్వు ఫెయిలైంది క్రికెట్ వల్ల కాదు. ఇంటర్‌లో గూడవల్లి వైపో నిడమానూరు వైపో ఏదో హాస్టల్లో ఉండే ఉంటావ్, పొద్దున్నే లేపి స్టడీ అవర్ అని కూర్చోబెట్టి రాత్రి పదిదాకా బెల్లు కొట్టి నడిపించారు, టెస్టు మార్కులు నీకంటే ముందు మీ నాన్న ఫోన్‌కి వెళ్ళేవి. టైమ్ అనేది నీ చేతికి ఎప్పుడొచ్చింది గనక, వాడటం రావడానికి! అక్కడ బెల్లు కొట్టేవాడు లేడు, చాలా సబ్జెక్టులకి చివర్లో ఒక్కటే ఎగ్జామ్, అప్పటిదాకా నువ్వు చదువుతున్నావో లేదో నీక్కూడా తెలీదు.

సరే, లెక్క చూద్దాం. మామూలుగా సెమిస్టర్‌కి 30 ఈసీటీఎస్ క్రెడిట్లు, అంటే యూరప్ యూనివర్సిటీల్లో చదువుని కొలిచే లెక్క. ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని అని వాళ్ళ లెక్క, అంటే మొత్తం 750 నుంచి 900 గంటలు, ఆరు నెలలకి పంచితే ఎంత గట్టిగా వేసినా వారానికి 35. క్లాసులు 15 గంటలే అని నువ్వు సంబరపడ్డావ్ చూడు, మిగతా 20 గంటలు నువ్వే చదువుకుంటావని వాళ్ళు ముందే వేసుకున్నారు, ఆ మాట నీకెవరూ చెప్పలేదంతే. ఆదివారం వదిలేసినా రోజుకి మూడుంపావు, మూడున్నర గంటలు. ఇంటర్‌లో చదివినదాంట్లో ఇది ఎన్నో వంతు చెప్పు? దీనికోసం ఆటలు మానెయ్యక్కర్లేదు. కాకపోతే ఆ మూడున్నర గంటలు ఫోన్ ఇంకో రూమ్‌లో ఉండాలి. ఐదు గంటలు కూర్చున్నానంటున్నావే, అందులో రీల్స్ ఎంత, వాట్సాప్ ఎంత, ఫెయిలైతే ఎట్లా అని ఆలోచించింది ఎంత, నిజాయితీగా లెక్కేస్తే గంటన్నర మిగిలితే గొప్ప. అటు చదివినట్టూ కాదు, ఇటు రెస్టూ కాదు, ఒళ్ళు మాత్రం హూనం.

పార్ట్‌టైమ్‌ని చాలామంది సరదా ఖాతాలో వేసేస్తారు, నువ్వూ అదే చేశావ్. గోడౌన్‌లో నైట్ షిఫ్ట్ చేసొచ్చి పొద్దున క్లాసులో నిద్రపోతే అది లీజరా? మన స్టూడెంట్స్‌కి ఏడాదికి 140 ఫుల్ డేస్ లేదా 280 హాఫ్ డేస్ పర్మిషన్ ఉంది, 2024 మార్చికి ముందు 120, 240 ఉండేది. ఆ ఫుల్ డేస్‌ని సెమిస్టర్ మధ్యలో కాకుండా ఎగ్జామ్స్ అయిపోయాక వచ్చే ఖాళీ వారాల్లో పెట్టుకో, క్లాసులు జరిగేటప్పుడు వారానికి రెండు షిఫ్టులు మించనివ్వకు.

పోయిన రెండు సబ్జెక్టుల సంగతి. దిద్దిన పేపర్ చూపించే రోజొకటి పెడతారు, ఐన్‌జిష్ట్ అంటారు, మనోళ్ళు సిగ్గుపడి వెళ్ళరు. వెళ్ళు, మార్కులు ఎక్కడ పోయినయ్యో కళ్ళారా చూడు. పాత పేపర్లు మీ డిపార్ట్‌మెంట్ ఫాఖ్‌షాఫ్ట్ దగ్గర దొరుకుతయ్, అదే స్టూడెంట్ కౌన్సిల్ లాంటిది. చాలా యూనివర్సిటీల్లో ఒక ఎగ్జామ్‌కి మూడే ఛాన్సులు, అది కంపల్సరీ సబ్జెక్టై మూడూ పోతే కోర్సే పోవచ్చు, కాబట్టి మీ రూల్స్ బుక్ ఇవాళే తెరువు. భయపెట్టడానికి చెప్పట్లేదు, రెండో అటెంప్ట్‌ని టైమ్‌పాస్‌గా రాసేవాళ్ళని చూశా కాబట్టి చెప్తున్నా.

ఇక సరదాలు. యూనివర్సిటీ స్పోర్ట్స్‌లో తక్కువ ఫీజుకే బ్యాడ్మింటన్, స్విమ్మింగ్ అన్నీ ఉంటయ్, రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే చెయ్యాలి, మంచివి ఇట్టే నిండిపోతయ్. రోజూ ఫలానా టైమ్‌కి ఆట అని ఉంటే ఆ లోపు చదువు తెమలాలన్న తొందర దానంతటదే వస్తది. ఆదివారం ఎలాగూ అక్కడ షాపులు మూసేస్తారు, సరుకులు శనివారమే తెచ్చుకుని ఆదివారం పుస్తకం ముట్టుకోకు. లోన్ సంగతా, నువ్వు రూమ్‌లో తలుపేసుక్కూర్చుంటే వడ్డీ ఆగదు కదా. రెండు మూడు వారాలు ఇలా చేసినా ఎక్కకపోతే, రాత్రుళ్ళు నిద్ర పట్టకపోతే, మీ స్టూడెంట్ సర్వీసెస్‌లో కౌన్సెలింగ్ ఉంటది, వెళ్ళి మాట్లాడు.

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట అండీ. మావాడు డల్లాస్‌లో ఎంఎస్. నవంబర్‌లో చూస్తే అన్నీ ట్రిప్ ఫోటోలే, మా ఆడపడుచు స్క్రీన్‌షాట్లు పంపి మరీ అడుగుతోంది. పొద్దున ఏడింటికి ఫోన్ చేస్తే చిరాకు పడతాడు. అసలు చదువుతున్నాడంటారా?

జవాబు: నవంబర్ నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్ అమ్మా, కాలేజీకి సెలవు, అప్పుడు తిరక్క ఎప్పుడు తిరుగుతాడు? చలికాలంలో మీకు పొద్దున ఏడైతే అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర, అసైన్‌మెంట్లు చాలావరకు ఆ రాత్రి పన్నెండు లోపే సబ్మిట్ చెయ్యాలి, సరిగ్గా ఆ టైమ్‌కే మీరు టిఫిన్ ఏం తిన్నావ్ అంటే చిరాకు రాదా మరి. మాటలన్నీ వీకెండ్‌కి పెట్టుకోండి. ఫోటోలొద్దు, జీపీఏ ఎంతో అడగండి, అంటే నాలుగుకి లెక్కేసే గ్రేడ్ల సగటు, ఎంఎస్‌లో మామూలుగా 3.0 తగ్గకూడదు. దాటి ఉంటే ఆ ట్రిప్ ఫోటోకి మీరే ముందు లైక్ కొట్టండి, ఆడపడుచు గారు కూడా చూస్తారు.