నగర కేంద్రాన్ని పునరభివృద్ధి చేసేటప్పుడు పార్కింగ్ పెంచితే కొరత తీరుతుందా?

సాధారణంగా తీరదు, ఉచితంగానో నామమాత్రపు రుసుముకో దొరికే పార్కింగ్‌ను ఎంత పెంచినా, ఆ సౌలభ్యమే మరిన్ని కార్లను రప్పిస్తుంది కాబట్టి సమస్య మళ్లీ మొదటికి వస్తుంది. ఒక కారు నిలిపే చోటుకు, అది తిరిగే దారిని కూడా కలుపుకుంటే, సుమారు 30 చదరపు మీటర్లు కావాలి (ఆఫీసులో ఒక ఉద్యోగికి సాధారణంగా అంత చోటు ఉండదు); అందువల్ల ప్రతి భవనానికీ ఇన్ని కార్లకు చోటు ఉండాలని నిబంధన పెడితే, దుకాణాలకూ ఇళ్లకూ దక్కవలసిన స్థలం కార్లకు పోతుంది. భూగర్భంలో కడితే స్థలం మిగులుతుంది గానీ ఖర్చు విపరీతం. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2011లో మొదలైన ఎస్ఎఫ్‌పార్క్ పథకం, రద్దీని బట్టి వీధివారీగా, వేళలవారీగా రుసుమును మార్చి కొన్ని చోట్లు ఎప్పుడూ ఖాళీగా ఉండేలా చూసేందుకు ప్రయత్నించింది. వీధి పక్కన ఖాళీ లేకపోతే పార్కింగే లేదని చాలామంది పొరబడతారు, కానీ తరచుగా అదే సమయంలో దగ్గరలోని బహుళ అంతస్తుల పార్కింగ్‌లో చోటు మిగిలే ఉంటుంది.