పెరటి పళ్లచెట్లు: మీ ఉత్తరాలు, నా జవాబులు

వానాకాలం నడిమధ్యలో ఉన్నాం. చెట్లకు చెయ్యాల్సిన పనిలో సగం ఈ రెండు నెలల్లోనే ఉంది. అందుకని ఈసారి, ఆలస్యం చేస్తే ఏడాది పోయే ఉత్తరాలను ముందు తీసుకుంటున్నాను.

*మాస్టారూ, నమస్కారం. మాది విజయనగరం కంటోన్మెంట్ వైపు. ఇల్లు కట్టుకున్న ఏడాదే పెరట్లో సువర్ణరేఖ అంటు వేశాం. తొమ్మిదేళ్లయింది. చెట్టు డాబా దాటి ఎదిగింది, ఆకు నిగనిగలాడుతూ ఉంటుంది. పూత మాత్రం ఏదో ఒక కొమ్మకు నాలుగు గుత్తులు, అంతే. వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు అన్నీ దాని పాదులోకే వెళ్తాయి. రెండు నెలలకోసారి యూరియా కూడా వేస్తున్నాం. మా అత్తగారు కొట్టించేసి మునగ పెడదామంటున్నారు. ఏం చెయ్యమంటారు?*
— ఒక గృహిణి, విజయనగరం

అమ్మా, కొట్టించకండి. అత్తగారికి నా మాటగా చెప్పండి, ఇంకో ఏడాది ఆగమని. మీ చెట్టుకు జబ్బేమీ లేదు. ఏడాది పొడుగునా నీళ్లూ యూరియా అందుతున్నాయి కనుక అది హాయిగా ఆకు వేసుకుంటూ కూర్చుంది.

మామిడి కొమ్మ చివర ఉన్న మొగ్గ చిగురవ్వాలా, పూతవ్వాలా అన్నది మన వైపు కార్తీక, మార్గశిర మాసాల్లో తేలిపోతుంది. ఆకు ముదిరి ఉండాలి, నేల ఆరి ఉండాలి, రాత్రుళ్లు చలి పడాలి. ఈ మూడూ కుదిరితే పూత వస్తుంది. అదే సమయంలో పాదు తడిగా ఉండి, యూరియా కూడా పడితే ఆ మొగ్గ చిగురు వేసేస్తుంది. ఇక ఆ కొమ్మ మీద ఆ ఏడాది ఆశ వదులుకోవాల్సిందే.

ముందు ఆ నీళ్ల గొట్టం దారి మళ్లించండి. అరటి ఉంటే అరటికి, లేదంటే కొబ్బరికి, కరివేపాకుకి పెట్టండి. యూరియా ఈ రోజు నుంచే ఆపేయండి. గత్తం, అంటే పశువుల ఎరువు, వెయ్యాలనుకుంటే ఈ నెలలోనే వేసెయ్యండి, బాగా చివికినది నాలుగైదు గంపలు. అందులో రెండు కిలోల వేపపిండి కలిపితే మరీ మంచిది. అదీ మొదలు దగ్గర కుప్ప పొయ్యకండి. మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ అంచు ఎక్కడ పడుతుందో అక్కడ చుట్టూ జానెడు లోతు కాలువ తీసి, వేసి, మట్టి కప్పండి. ఆహారం తీసుకునే సన్నవేర్లు ఎక్కువగా ఉండేది అక్కడ. సెప్టెంబరు దాటాక ఎరువు పేరుతో ఏదీ వద్దు. అక్టోబరు వానలు తగ్గాక నీరు పూర్తిగా బంద్. పిందె బఠాణీ గింజంత అయ్యాకే మళ్లీ మొదలుపెట్టండి.

చెట్టు డాబా దాటిందన్నారు కదా, ఇప్పుడే పైన నరికించబోతారేమో, వద్దమ్మా. ఇప్పుడు నరికితే సెప్టెంబరు, అక్టోబరుల్లో కొత్త చిగురు వస్తుంది, అది పూత వేళకు ముదరదు. ఎండిన పుల్లలు, లోపల ఒకదాన్నొకటి రాసుకుంటున్న సన్న కొమ్మలు మాత్రం తియ్యండి. ఎత్తు తగ్గించే పని వచ్చే జూన్‌లో, కాయ దిగిన వెంటనే చేయించండి. నడిమి కొమ్మ ఒకటి తీసేసి చెట్టు మధ్యలోకి ఎండ పడేలా చేస్తే చాలు.

నవంబరు మూడో వారంలో ఒక పరీక్ష చెయ్యండి. కొమ్మ చివరి ఆకు ఒకటి కోసి గుప్పిట్లో నలపండి. పెళపెళమని విరగాలి. మెత్తగా మడత పడితే ఆకు ఇంకా ముదరలేదన్నమాట. విరిగిందంటే, కొమ్మ చివర మొగ్గ కూడా కాస్త ఉబ్బి కనిపిస్తుంటే, లీటరు నీళ్లకు 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి ఆకులు తడిసేలా ఒక్కసారి కొట్టించండి. చెట్టు ఎదుగుదలను అణిచి పూత తెప్పించే మందు కల్టార్ పొయ్యమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఇంటి చెట్టుకు, అందులోనూ ఈ వయసులో, దాని జోలికి వెళ్లకండి.

పూమొగ్గ కనిపించగానే తేనెమంచు పురుగును కనిపెట్టి ఉండాలి. చెట్టు కింద నిలబడితే ఆకుల మీద చిటపటమని చిన్న చప్పుడు వస్తుంది, ఆకు పట్టుకుంటే జిగురు. అప్పుడే వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్లు కలిపి కొట్టండి. మంచు ఎక్కువై పూత మీద తెల్లని బూడిద కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఈ రెండూ కలపొద్దు, రెండింటి మధ్య కనీసం రెండు వారాలైనా ఎడం ఉండాలి. లేకపోతే పూత మాడిపోతుంది. పువ్వు విచ్చుకున్నాక ఏ మందూ వద్దు. ఈగలూ తేనెటీగలూ వాలకపోతే పిందె ఎక్కణ్నుంచి వస్తుంది?

సువర్ణరేఖ మన వైపు పండు. మిగతా రకాలకంటే ముందే బజారుకొస్తుంది, బుగ్గన ఆ ఎరుపు చూస్తే చాలు. అలాంటి చెట్టు ఇంట్లో పెట్టుకుని మునగ కోసం కొట్టేయడం నాకు నచ్చని పని.

*మాస్టారూ, 2018లో తిత్లీకి మా పెరట్లో కొబ్బరి, పనస, జీడి అన్నీ పడిపోయాయి. అప్పటి నుంచి పెరడు ఖాళీ. ఇప్పుడు మళ్లీ మొక్కలు వేద్దామంటే మా నాన్నగారు ఒప్పుకోవడం లేదు, ఇంకో తుఫాను వస్తే ఇంటి మీద పడతాయంటున్నారు. ఏ చెట్లు వెయ్యాలి, ఎలా పెంచాలి?*
— వజ్రపుకొత్తూరు మండలం నుంచి ఒక యువకుడు

నాయనా, మీ నాన్నగారి భయాన్ని తేలిగ్గా తీసుకోకు. ముప్పై, నలభై ఏళ్లు పెంచిన కొబ్బరి ఒక్క రాత్రిలో నేలమట్టమవడం కళ్లారా చూసిన మనిషి ఆయన. తిత్లీ మీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న. అంతకుముందు ఏడాది ఫైలిన్, అదీ అక్టోబరు 12నే. ఉత్తరాంధ్రలో పెరడు పెంచేవాళ్లు అక్టోబరును మనసులో పెట్టుకునే గొయ్యి తియ్యాలి.

ఇంటికి దగ్గర్లో పొట్టిగా ఉంచుకోగలిగినవి వెయ్యి: జామ, నిమ్మ, సీతాఫలం. కాస్త దూరంగా ఒక సపోటా. కొబ్బరి, పనస పెరటి అంచుల్లో, పడినా ఇంటికి తగలనంత దూరంలో. సముద్రం వైపు స్థలం ఉంటే సరుగుడు ఒక వరస, గాలి జోరు అక్కడే కొంత తగ్గుతుంది.

గాలికి చెట్టు పడిందంటే చాలాసార్లు తప్పు నర్సరీ సంచిలోనే మొదలై ఉంటుంది. మొక్క కొనేటప్పుడు పొడుగు చూసి మురిసిపోకు. సంచిలో ఏళ్ల తరబడి ఉన్న మొక్కకు వేరు అడుగున చుట్టలు చుట్టుకుపోతుంది, నేలలో వేశాక కూడా అది లోతుకు దిగదు. పైకి ఏపుగానే పెరుగుతుంది, పెద్ద గాలి వచ్చిన రోజున మొదలంటా లేచిపోతుంది. చిన్న మొక్కే తీసుకో. నాటే ముందు సంచి కోసి చూడు, అడుగున చుట్టుకున్న వేళ్లుంటే పదునైన కత్తితో కోసెయ్. పనస అయితే అసలు మొక్క కొనకు. పండు తిన్న వారంలోపే నాలుగు పచ్చి గింజలు, చెట్టు ఎక్కడ కావాలో అక్కడే పాతు. తల్లివేరు తిన్నగా కిందికి పోతుంది. మొలిచిన వాటిలో బలమైనది ఒకటి ఉంచి, కావాలంటే దాని మీదే అంటు కట్టించు. కొబ్బరికి మూడడుగుల గొయ్యి తీసి అడుగున నాటి, మొదలు లావెక్కే కొద్దీ మట్టి నింపుతూ రా. మీ ఉద్దానం ఇసుక నేలలో పైపైన నాటిన కొబ్బరికి పట్టు ఉండదు.

మొక్క నడుమెత్తు వచ్చాక తల తుంచి, నలుదిక్కులకూ నాలుగు కొమ్మలు రానివ్వు. కర్రకు బిగించి కట్టకు, కాస్త ఊగేలా వదులుగా కట్టు. ఊగితేనే మొదలు లావెక్కుతుంది. కాపు మొదలయ్యాక ఏటా వినాయక చవితి వెళ్లేలోపు జామకు, నిమ్మకు గుబురు పలచన చెయ్యి. గాలి చెట్టు మీద నుంచి కాక, లోంచి పోవాలి.

ఒకవేళ చెట్టు ఒరిగితే మొదటి రెండు మూడు రోజులే కీలకం. వేళ్లు ఎండకుండా తడి గోనెలు కప్పు. కొమ్మల్లో సగం దాకా కోసెయ్, విరిగిన వేళ్లను నున్నగా కోసి, తాడుతో మెల్లగా లేపి, మట్టి గట్టిగా తొక్కి, మూడు వైపులా తాళ్లు కట్టు. కోసిన చోట్ల బోర్డో పేస్టు పూయాలి: మైలుతుత్తం 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు, లీటరు నీళ్లు. ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపాలి, ఇనుప పాత్ర పనికిరాదు. సముద్రం గాలికి ఆకుల మీద ఉప్పు పడుతుంది, మంచినీళ్లు అందితే ఒకసారి కడిగెయ్. పడిపోయిన కొబ్బరి మానులు పెరట్లో కుళ్లనివ్వకు, కొమ్ము పురుగు వాటిలోనే గుడ్లు పెట్టి, బతికిన చెట్ల మొవ్వుల మీద పడుతుంది.

ఇవన్నీ నాన్నగారి దగ్గర కూర్చుని చదివి వినిపించు. మొదటి మొక్క ఆయన చేతే పెట్టించు.

*మా పనసకు ఇది రెండో ఏడాది కాపు. ప్రతి సంక్రాంతి తర్వాత చెట్టు నిండా పిందెలు వస్తాయి, వేలెడంత అవుతూనే నల్లబడి రాలిపోతాయి. ఒక్క పండు నిలవలేదు. దిష్టి తగిలిందని పాత చీపురు కూడా కట్టాం.*
— ఒక పాఠకురాలు, కవిటి

అమ్మా, రాలుతున్నవాటిలో చాలా వరకు పిందెలే కావు, మగ పూత. పనసకు మగ పూత, ఆడ పూత ఒకే చెట్టు మీద వేరువేరుగా వస్తాయి. రెండూ చూడ్డానికి చిన్న పిందెల్లాగే ఉంటాయి కాబట్టి అందరూ పొరబడతారు. ఈసారి దగ్గరగా చూడండి. మగది సన్న కాడకు, ఎక్కువగా లేత కొమ్మల చివర్లలో ఉంటుంది. ఒళ్లు నున్నగా ఉంటుంది, కొన్నాళ్లకు వేలితో ముడితే పసుపు పొడి అంటుకుంటుంది. ఆ పొడి రాల్చాక దాని పని అయిపోయింది, నల్ల బూజు పట్టి పడిపోతుంది. ఆడది మానుకూ లావు కొమ్మలకూ వస్తుంది. కాడ లావు, పిందె మొదట్లో కాడ చుట్టూ ఉంగరంలా ఒక అంచు, ఒళ్లంతా గరుకు. నిలవాల్సింది ఇదే.

కాపుకొచ్చిన మొదటి ఏళ్లలో పనసకు మగ పూతే ఎక్కువ. ఓపిక పట్టండి. ఆడ పిందెలు కూడా నల్లబడుతుంటే మాత్రం ఆ బూజు వాటికీ పాకిందన్నమాట. రాలిన మగ పూతను ఏ రోజుకారోజు ఏరి పాతిపెట్టండి, కొమ్మల సందుల్లో ఇరుక్కున్నది కూడా. మాను చుట్టూ గాలి ఆడేలా చిల్లర కొమ్మలు తీసెయ్యండి. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి, పిందె మీద, మాను మీద పదిహేను రోజుల ఎడంతో రెండుసార్లు కొట్టండి. పిందెలు ఒకేచోట గుత్తిగా వస్తే ఒకటి రెండు ఉంచి మిగతావి పొట్టు కూరకు కోసుకోండి. ఉన్నవి బాగా ఊరతాయి, ఇంట్లో ఆవపెట్టిన కూరా అవుతుంది.

*జామకాయ పైకి బాగానే ఉంటుంది, కోస్తే లోపల తెల్ల పురుగులు. పిల్లలు చెట్టు దగ్గరకే పోవడం లేదు.*
— ఒక ఉపాధ్యాయుడు, బొబ్బిలి

ఇది పండు ఈగ పని. కాయ రంగు తిరిగే వేళ తొక్క కింద గుడ్లు పెడుతుంది. పురుగు కాయతో పాటు రాలి, మట్టిలోకి దిగి, మళ్లీ ఈగై పైకొస్తుంది. కాబట్టి రాలిన కాయ ఒక్కటి కూడా కింద ఉండకూడదు. చెత్తకుప్పలో వేస్తే లాభం లేదు. నల్ల ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి వారం ఎండలో పెట్టండి. చెట్టు కింద మట్టి అప్పుడప్పుడు గుల్ల చెయ్యండి. మిథైల్ యూజినాల్ ఎర ఉన్న బుట్ట ఒకటి కొమ్మకు కట్టండి, మగ ఈగలు దాంట్లో పడతాయి. పిల్లలకు అందే ఎత్తులో ఉన్న కాయలకు నిమ్మకాయంత ఉన్నప్పుడే కాగితం సంచులు తొడగండి, ఆ పని పిల్లలకే అప్పగించండి.

అసలు వానాకాలం కాపు మీద ఆశ తగ్గించుకోవడం మేలు. వచ్చే ఏడాది ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు ఆపి, వచ్చిన పూత దులిపేయండి. ఆకు కొంత రాలుతుంది, కంగారు పడకండి. జూన్‌లో కొమ్మల చివర్లు జానెడు కత్తిరించి గత్తం వెయ్యండి. కొత్త చిగురుతో పాటే పూత వచ్చి, చలికాలానికి కాయ అందుతుంది. ఆ కాయకు ఈగ బెడద తక్కువ, తీపి ఎక్కువ.

*నిమ్మ మొక్క ఆకుల మీద పిట్ట రెట్ట పడ్డట్టు ఏవో ఉన్నాయి. రెండు రోజుల్లో ఆకులన్నీ ఖాళీ.*
— ఆమదాలవలస

అవి రెట్టలు కావు, సీతాకోకచిలుక గొంగళ్లు. పెద్దవైతే ఆకుపచ్చగా మారతాయి. మందు అక్కర్లేదు, పొద్దున్నే ఏరెయ్యండి. లేత ఆకు వెనక ముత్యాల్లాంటి గుడ్లు కనిపిస్తే అవీ నలిపెయ్యండి. కరివేపాకు మొక్క పక్కనే ఉంటే దాన్నీ చూడండి, వాటికి అదీ ఇష్టమే.

*సీతాఫలం పూత విపరీతంగా వచ్చింది, కాయ పట్టలేదు.*
— ఎస్.కోట

సీతాఫలం పువ్వు ముందు ఆడదిగా విచ్చుకుంటుంది, దాని పుప్పొడి రాలేది తర్వాత. అందుకే అదే పువ్వు తనకు తాను కాయ కట్టుకోలేదు. చిన్న పురుగులు మోసుకుపోవాలి, ఎండలు ముదిరితే అదీ సరిగ్గా జరగదు. పిల్లలు బొమ్మలకు వాడే మెత్తని బ్రష్ ఒకటి తీసుకోండి. తెల్లవారుజామున బాగా విచ్చుకున్న పువ్వుల నుంచి పొడి దులిపి, సగం తెరుచుకున్న పువ్వుల లోపల తిప్పండి. వేసవిలో పూత ఉన్నన్నాళ్లూ పాదు ఆరనివ్వకండి, కింద ఎండుటాకులు మందంగా పరవండి. ఈ ఏడు పూత అయిపోయింది కాబట్టి వచ్చే ఏప్రిల్‌కి బ్రష్ సిద్ధంగా పెట్టుకోండి.