డిటెక్టర్ ‘టక్’మంటే కాంతి కణమని తేలినట్టేనా?

తేలినట్టు కాదండీ. ఒక్క టక్కుతో ఏదీ తేలదు. ఏళ్లుగా ఫోటాన్లను, అంటే కాంతి కణాలను, పసిగట్టే డిటెక్టర్లతోనే నా పని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పీహెచ్‌డీలో ఉండగా మా ల్యాబులో అవలాంచ్ ఫోటోడయోడ్‌కి (ఒక్క ఫోటాన్ తగిలినా విద్యుత్ పల్స్ ఇవ్వగల డిటెక్టర్) చిన్న స్పీకర్ తగిలించి ఉండేది, పల్స్ వచ్చినప్పుడల్లా టక్‌మనేది. లైట్లన్నీ ఆర్పేసి, మూత బిగించేసినా అది టకటకమంటూనే ఉండేది. డయోడ్‌లో వేడికి ఊడిపడిన ఎలక్ట్రాన్ కూడా అచ్చం అలాంటి పల్సే ఇస్తుంది. వీటిని డార్క్ కౌంట్లు అంటారు. ఏది కాంతి వల్ల వచ్చిందో, ఏది వేడి వల్ల వచ్చిందో పల్స్ చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

అసలు సంగతి కాంతిని రెండు దారులుగా చీల్చే బీమ్ స్ప్లిటర్ పెట్టాక తెలిసింది. లేజర్‌ని ఫిల్టర్లతో బాగా తగ్గించి, స్ప్లిటర్‌కి రెండు వైపులా డిటెక్టర్లు పెట్టాం. ఫోటాన్లు ఒక్కొక్కటిగా వస్తాయి కాబట్టి రెండూ కలిసి మోగవనుకుంటారు చాలామంది. మోగుతాయి! కాకతాళీయంగా ఎన్నిసార్లు కలవాలో అన్నిసార్లూ కలిశాయి. నిజంగా కలిసి మోగినవాటికీ, కాకతాళీయంగా కలవాల్సినవాటికీ ఉన్న నిష్పత్తిని జీ2 అంటారు. కాంతిని ఇంకెంత తగ్గించినా అది 1 దగ్గరే ఉండిపోయింది.

తర్వాత క్రిస్టల్‌లో జంటలుగా పుట్టే ఫోటాన్లతో చేశాం. జంటలో ఒకదాన్ని స్ప్లిటర్‌కి పంపి, రెండోది మూడో డిటెక్టర్‌ని మోగించిన క్షణాలనే లెక్కలోకి తీసుకున్నాం. స్క్రీన్ మీద జీ2 జారుతూ జారుతూ సున్నా దగ్గరికొచ్చింది. స్ప్లిటర్ దగ్గర రెండుగా చీలే మామూలు తరంగానికి అది 1 కన్నా తగ్గడం అసాధ్యం. 1986లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు గ్రాంజియె, రోజె, ఆస్పె చూపించింది ఇదే. కణమనడానికి సాక్ష్యం కావాలంటే ఇదీ సాక్ష్యం.

పాఠ్యపుస్తకాలేమో ఇప్పటికీ ఫోటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్‌నే (కాంతి పడితే లోహం నుంచి ఎలక్ట్రాన్లు ఊడిరావడం) రుజువుగా చూపిస్తాయి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కాంతి ముద్దలుగా వస్తుందని దీన్ని వివరించిన ఐన్‌స్టీన్ ఊహ గొప్పదే, కాదనను. కానీ కాంతిని మామూలు తరంగంగానే ఉంచి, లోహంలోని ఎలక్ట్రాన్లకు మాత్రమే క్వాంటం సూత్రాలు వర్తింపజేసినా ఆ ప్రయోగ ఫలితాలు వస్తాయని 1969లోనే లాంబ్, స్కల్లీ అనే భౌతిక శాస్త్రవేత్తలు లెక్కగట్టి చూపించారు. అరశతాబ్దం దాటినా పిల్లలకు ఆ ముక్క చెప్పరేం?

1963లో భౌతిక శాస్త్రవేత్త గ్లౌబర్ రాసిన కాంతి సిద్ధాంతం కూడా డిటెక్టర్ ఫోటాన్‌ని మింగేస్తుందన్న దగ్గరే మొదలవుతుంది. కాంతి స్వభావం తెలియాలంటే ఒక్క టక్కు చాలదు, ఒక టక్కుకీ ఇంకో టక్కుకీ ఉన్న సంబంధం చూడాలి. 2005 భౌతికశాస్త్ర నోబెల్‌లో సగం ఆయనకు దక్కింది ఈ పనికే.

కాబట్టి లేజర్‌ని తగ్గించి చూపిస్తూ ‘సింగిల్ ఫోటాన్ సోర్స్’ అని ఎవరైనా అంటే, జీ2 ఎంతొచ్చిందో అడగండి.